మా ఇంట్లో ఎవరు తక్కువ

1. దుమ్ము ఓ మోస్తరు.

పైకప్పు మీద కరెంటిచ్చే ఎండ పలకలు తుడిచి, ఆ రోజు దుమ్మెంత పడిందో రాయడం నా ఉద్యోగం. రాసింది ఎవరూ చదవరని చేరిన మొదటి ఏడే అర్థమైంది. అందుకని దుమ్ము సంగతి ఒక్క ముక్కలో తేల్చేసి, మిగతా చోటు సొంతానికి వాడుకుంటాను.

ఇవాళ ఇంట్లో చెప్పేశాను. చదువులపేట వెళ్తున్నాను, నాలుగు రోజులు, ఒక్కదాన్నే.

మా అత్తగారు తాయారమ్మ ముద్ద నోటిదాకా తెచ్చి ఆగింది. "ఒక్కదానివేంటే? ఎవరన్నా పోయారా?"

"ఎవరూ పోలేదండి. ఊరు చూడ్డానికి."

"ఊరు చూడ్డానికి ఆడమనిషి ఒక్కత్తే వెళ్తదా," అన్నాడు మా ఆయన కోదండం. ఆయన అడిగేది ఏదీ ప్రశ్నలా ఉండదు, తీర్పులా ఉంటుంది.

"అక్కడ క్లాసు వినాలండి."

మా అమ్మాయి గోదకి పదహారేళ్ళు. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్ల, ఇవాళ అదీ పెట్టుకోలేదు. "అమ్మ కాలేజీకెళ్తదంట నానమ్మా."

నవ్వుకోనీ. పలకలు తుడిచేటప్పుడు చెవిలో రేడియో పెట్టుకుంటాను. మిట్టమధ్యాహ్నం చదువులపేట కేంద్రం ఒక్కటే గరగరలు లేకుండా అందుతుంది. చిన్న ఊరేనట. మూడు కాలేజీలు, ఒక చెరువు, ఒకటే పెద్ద వీధి. పెద్ద కాలేజీ మెట్ల మీద సాయంత్రం క్లాసులో ఎవరైనా కూర్చోవచ్చట. ఫీజు లేదు, పరీక్ష లేదు. ఒంటరిగా వచ్చేవాళ్ళకి కొత్తవాళ్ళ వీధిలో మంచం, భోజనం ఉచితం. వచ్చే నెల అక్కడ ఫాతిమున్నీసా మేడమ్ దుమ్ము గురించి చెబుతుంది. పంతొమ్మిదేళ్ళుగా నేను తుడుస్తున్న ఈ దుమ్ము ఎక్కణ్ణించి వస్తోందో నాకు తెలియాలి. శత్రువు ఊరూ పేరూ తెలియకుండా చచ్చిపోవడం నాకిష్టం లేదు.

ఇంతలో గోడ అడిగింది. "చివరి వరస, మూడో ఇల్లు. ఎవరు తక్కువ?"

దీపాల వేళ తలుపులు బిగించే ముందు కొండ మీద ప్రతి ఇంటినీ గోడ ఇలాగే అడుగుతుంది. ఎవరైనా బయట దుమ్ములో చిక్కుకుంటే గేటువాళ్ళు వెతకడానికి వెళ్తారు. ఆ వేళకి అందరూ కంచాల ముందు ఉంటారు కాబట్టి మా ఇంట్లో లేచేది నేనే. చెయ్యి కడుక్కుని, గోడ దాకా వెళ్ళి "అందరం ఉన్నాం" అని చెప్పి వచ్చేసరికి నా అన్నం చల్లారిపోతుంది. పెళ్ళయినప్పటినుంచీ నేను వేడన్నం తిన్నది సగం కంచం వరకే.

2. దుమ్ము తక్కువ.

ఊరు దాటాలంటే ఇంటి పని ఆగకూడదు. మనిషి వెళ్తే ఆ చోట 'బదులు' అనే మరమనిషి నిలబడాలి. అది తెచ్చుకోవడానికి స్టోరుకి వెళ్ళాను.

స్టోరు ఇసాకుగారు దాన్ని గుడ్డ తొలగించి చూపించారు. నా ఎత్తు, బూడిదరంగు రబ్బరు చర్మం, మొహం ఉండాల్సిన చోట నున్నటి పలక. కాసేపు నాచేత మాట్లాడించి నా గొంతు దానికి ఎక్కించారు. "వారం పది రోజులు మీ ఎనకాలే తిప్పుకోండమ్మా. చూసి నేర్చుకుంటది. నీళ్ళు తాగదు, అన్నం తినదు, ఎదురు చెప్పదు."

"మా అత్తగారికి పండగే," అన్నాను.

ఆయన నవ్వి, తిరిగొచ్చే పద్ధతి చెప్పారు. కొండ మీద నీళ్ళు తలకి ఇంత అని లెక్క. ఎవరికీ అక్కర్లేని తలని గేటు లోపలికి రానివ్వరు. అందుకని వెళ్ళిన మనిషి తిరిగి వస్తానని కబురు పెట్టాక, సాయంత్రం గోడ అడిగినప్పుడు ఇంట్లోవాళ్ళు ఆ మనిషి పేరు చెప్పాలి. మూడు సాయంత్రాలు గడువు. వెళ్ళిన బస్సులోనే వెనక్కి తిరిగినవాళ్ళకి మాత్రం ఇదేమీ అక్కర్లేదు. వెళ్ళిన ఊరి రేడియో కేంద్రంలో కూర్చుని మనం వినవచ్చు కానీ మాట్లాడకూడదు.

"మరి గోడ నా పేరు గుర్తు చేస్తుందా?"

"గుర్తు చేస్తే వచ్చే పేరు లెక్కలోకి రాదమ్మా. వాళ్ళకై వాళ్ళే అనాలి."

"అనకపోతే?"

"భలేవోరే, సొంత మనుషులు అనకపోవడమేంటి," అన్నారు ఇసాకుగారు, గుడ్డ మడత పెడుతూ.

3. దుమ్ము ఓ మోస్తరు.

బదులుకి పలక తుడవడం నేర్పుతున్నాను. మధ్యలో తళతళలాడించి, మూలల్లో గీత వదిలేసింది. తడిగుడ్డ చేతిలో పెట్టి మళ్ళీ మొదట్నుంచీ చేయించాను. ఏ పనైనా మూల వదిలేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నా బదులైనంత మాత్రాన నాకంటే నాసిగా చేస్తే ఒప్పుకోను. "హైమ పంపిన బదులు కూడా హైమలాగే ఉంది" అని జనం అనుకోవాలి.

తరవాత చారు. మా అత్తగారికి చింతపండు తక్కువ, ఇంగువ ఎక్కువ. తరవాత ఆవిడ కాళ్ళు పట్టడం. ఎడమ మోకాలి దగ్గర నెమ్మదిగా, పిక్క దగ్గర గట్టిగా. కాళ్ళు పట్టించుకుంటూ ఆవిడ కళ్ళు మూసుకుంది.

"దీని చేతులు చల్లగా ఉన్నాయే, హాయిగా ఉంది. నీయి గరుకు."

పలకలు తుడిచే చేతులు గరుగ్గానే ఉంటాయి. ఆ మాట పైకి అనలేదు.

మా ఆయనకి మాత్రం ఏమీ నేర్పక్కర్లేకుండానే నచ్చింది. రెండుసార్లు పిలిస్తే రెండుసార్లూ "వస్తున్నానండీ" అంది. నేనైతే రెండోసారి "చెవుడు లేదండీ నాకు" అంటాను. అది నేర్పలేదు. కాపురం సజావుగా సాగాలని కొన్ని దాచుకున్నాను.

4. దుమ్ము విపరీతం.

ఇవాళ పలకల మీద గుట్టలుగా పడింది. కిందకి దిగేసరికి దీపాల వేళ దాటిపోతోంది. మెట్ల మీదుండగా గోడ అడగడం వినిపించింది. పరిగెత్తాను. నేను తలుపు దగ్గరికి చేరేలోపే లోపల నా గొంతు "అందరం ఉన్నా...ం" అంది.

రోజూ నా వెనకాల గోడ దాకా వచ్చేది కదా, చూసి నేర్చుకుంది. నేను బయట ఉన్నాను, అది లోపల అందరం ఉన్నామంది, తప్పు పట్టకుండా గోడ "మంచిది" అనేసింది. మా వాళ్ళు పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

కానీ ఆ సాగదీత నచ్చలేదు. వానలో తడిసిన బొంతలా వేలాడుతోంది మాట. నేను అలా చెప్పను. ముక్కుసూటిగా, చటుక్కున చెప్పి వచ్చేస్తాను. అందుకని అన్నం తిన్నాక దాన్ని గోడ ముందు నిలబెట్టి నా తీరు పట్టుబడేదాకా అనిపించాను. చివరికి ఎంత బాగా అందంటే, గోద పక్కగదిలోంచి "ఎన్నిసార్లు చెప్తావే అమ్మా" అని నన్ను కసిరింది.

గర్వంగా అనిపించింది. రాసుకోవడానికి సిగ్గెందుకు, చాలా గర్వంగా అనిపించింది.

5. దుమ్ము తక్కువ.

సంచీ సర్దుకున్నాను. రెండు చీరలు, మూతిగుడ్డలు, పప్పులపొడి, చిన్న సీసాలో ఉసిరికాయ పచ్చడి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి పక్కింటివాళ్ళు ఇచ్చే సలహాలన్నీ తీసుకున్నాను. చదువులపేటలో అందరూ మంచివాళ్ళేనట, అడగకుండానే దారి చూపిస్తారట, చేతిలో సంచీ మోస్తారట. వెళ్ళొచ్చినవాళ్ళెవరన్నా చెప్పారా అని అడిగితే, రేడియోలో విన్నామన్నారు.

మధ్యాహ్నం గోద బదులు దగ్గర కూర్చుని తల దువ్వించుకుంటూ కబుర్లు చెబుతోంది. దాని స్నేహితురాలితో మాటలు పోయాయట, నెల్లాళ్ళుగా ఒక్కతే కూర్చుని తింటోందట. నాకు చెప్పలేదు. నన్ను చూసి ఆపేసింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే మధ్యలోనే తిడతావు. ఇది ఆఖరిదాకా వింటది."

"అది వినడంలేదే పిచ్చిమొహమా, దానికి చెవులున్నాయి అంతే."

"చూశావా," అంది గోద.

సంచీ విప్పేద్దామా అనిపించింది. కానీ విప్పితే మా అత్తగారు ఏమంటుందో తలుచుకుని ముడి ఇంకా గట్టిగా వేశాను. నాలుగు రోజులు పోయి వస్తే నా విలువ వీళ్ళకే తెలుస్తుందనుకున్నాను. కొంతవరకు ఆ ఆశతోనే వెళ్తున్నాను, అంతా దుమ్ము కోసమే కాదు.

సాయంత్రం మా ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాను. "ఏవండీ, నేను తిరిగొచ్చే రోజు మీరు లేవాలి. అది నోరు తెరిచేలోపు మీరే గోడ దగ్గరకెళ్ళి నా పేరు చెప్పాలి."

"చెప్తాలేవే. పేరు చెప్పడానికి పెద్ద చదువు కావాలా ఏంటి."

"మర్చిపోరు కదా."

"నిన్ను మర్చిపోవడం నా వల్లవుద్దా," అన్నాడు. ఆ మాట ఆయన ప్రేమగా అన్నాడో విసుగ్గా అన్నాడో తెలియలేదు. ప్రేమే అని రాసుకుంటున్నాను.

6. దుమ్ము లేదు.

నిజంగానే లేదు. రోప్‌వే దిగి బస్సెక్కాను. కొండ దాటగానే కిటికీ అద్దం మీద వేలితో గీస్తే వేలికి ఏమీ అంటలేదు.

చదువులపేటలో బస్సు ఆగీ ఆగగానే ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు ఎదురొచ్చారు. పుట్టింటికి వచ్చినట్టుంది. ఒకావిడ నా చేతిలో సంచీ అందుకుంది. పేరు రామతులసమ్మట, వయసు నా కంటే పదేళ్ళు పెద్ద. దారి పొడవునా కాలేజీ పిల్లలు నమస్కారం పెట్టారు. ఒకడు సైకిలు దిగి మరీ పెట్టాడు.

"ఏ పక్కనుంచమ్మా?" అని అడిగింది రామతులసమ్మ.

"కొండ మీదనుంచండి. పలకలు తుడుస్తాను."

"ఇంట్లో సాయంత్రం గోడకి లెక్క ఎవరు చెప్తారు?"

ఊరూ పేరూ అడిగినట్టే మామూలుగా అడిగింది. "నేనేనండి. పంతొమ్మిదేళ్ళనుంచి ఒక్క పూట తప్పలేదు," అన్నాను.

ఆవిడ నా మొహం వంక కాసేపు చూసి, సంచీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. "మంచం కిటికీ పక్కన వేయిస్తాను. రా తల్లీ, చారు వేడిగా ఉంది."

ఆ పూట కంచం ముందునుంచి లేవకుండా, మొదటి ముద్దనుంచి చివరి ముద్దదాకా వేడిగా తిన్నాను. తింటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంగువ ఘాటన్నాను.

7. దుమ్ము లేదు.

మెట్ల క్లాసుకి వెళ్ళాను. ఫాతిమున్నీసా మేడమ్ పొట్టి, గొంతు మాత్రం గంటలా ఉంది. గాలి ఎటునుంచి ఎటు వీస్తుందో గోడ మీద రంగుల బొమ్మలు వేసి చూపించింది. చివర్న ఎవరైనా అడగొచ్చంది. లేచాను.

"కొండ మీద ఊళ్ళో దుమ్ము ఎక్కడిదండీ?"

ఆవిడ చాలా ఓపిగ్గా, చాలా ఆప్యాయంగా చెప్పింది. "మీ ఊరి దుమ్ము మీ ఊరిదేనమ్మా. మీ కొండ కింద గనుల్లోంచి పెద్ద పంకాలు తూర్పు వైపుకి దుమ్ము వదులుతాయి చూడండి, గాలి దాన్ని చుట్టూ తిప్పి మళ్ళీ మీ పైకప్పు మీదే పోస్తుంది. ఆ పంకాల గొట్టాలు పడమటికి తిప్పితే పోతుంది."

"తిప్పలేదేంటండీ?"

"ఎప్పుడో చెప్పాం. తుడిచే మనుషులున్నారు కదా, పర్వాలేదన్నారు."

మెట్ల మీద ఎవరో పిల్లాడు నవ్వి, వెంటనే తప్పయిందన్నట్టు తల దించుకున్నాడు. నేనూ నవ్వాను. ఏం చెయ్యాలి మరి? పంతొమ్మిదేళ్ళు అదే దుమ్ము తుడిచాను. దులిపి కింద పోసేదాన్ని, అది పంకాలోంచి పైకెళ్ళి మళ్ళీ నా దగ్గరికే వచ్చేది.

ఈ సంగతి మా ఆయనకి చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. నవ్వుతాడు. నవ్వినా సరే.

8. దుమ్ము లేదు.

మిగతా రోజులు చెరువు చుట్టూ తిరిగాను. నాలుగోరోజు పొద్దున్నే తిరిగి వస్తానని గేటుకి కబురు పెట్టాను. సాయంత్రం కేంద్రంలో చెవి గొట్టం దగ్గర కూర్చోబెట్టారు. రామతులసమ్మ తోడొచ్చింది, రావద్దన్నా వచ్చింది.

మా ఇంటి చప్పుళ్ళు వినిపించాయి. కంచాలు, గోద దగ్గు, మా అత్తగారి గొణుగుడు. గోడ అడిగింది, ఎవరు తక్కువ అని.

"అందరం ఉన్నాం." చటుక్కున, ముక్కుసూటిగా, నా గొంతు.

"అరెరె," అన్నాడు మా ఆయన. "ఇవాళ్టినుంచే కదా హైమ పేరు చెప్పాల్సింది. రేపు చూద్దాంలే."

పోనీ, మర్చిపోలేదు, గుర్తుంది. ఆలస్యమైంది అంతే అనుకున్నాను.

రెండో సాయంత్రం ఆయన పీట వెనక్కి జరిపిన చప్పుడు వినిపించింది. లేస్తున్నాడు. గొట్టం ఇంకా దగ్గరికి లాక్కున్నాను.

"ఉండరా," అంది మా అత్తగారు. "దాని వాటా నీళ్ళు ఇంకో రోజు మనకే రానీ. రేపు తలంటుకోవాలి నేను. ఎలాగూ రేపటిదాకా టైముందిగా."

పీట మళ్ళీ ముందుకి జరిగింది. "అందరం ఉన్నాం," అంది నా గొంతు.

గొట్టానికి నోరు పెట్టి అరిచాను. నా అరుపు నాకు తప్ప ఎవరికీ వినపడదని తెలుసు, అయినా అరిచాను. మా అత్తగారిని ఏ మాటలన్నానో ఇక్కడ రాయను.

9. దుమ్ము లేదు.

మూడో సాయంత్రం.

"చివరి వరస, మూడో ఇల్లు. ఎవరు తక్కువ?"

బదులు అడుగులు గోడ దాకా వెళ్ళి ఆగాయి. గోడ మళ్ళీ అడిగింది. అప్పుడు నా గొంతు, గోడతో కాదు, వెనక్కి తిరిగి ఇంట్లోవాళ్ళతో అంది.

"ఏవండీ. ఒకరు తక్కువ కదండీ."

మూల వదలొద్దని నేను నేర్పాను దానికి. వదల్లేదు. ఆ ఇంట్లో నేను లేనని పట్టుకున్నది అదొక్కటే.

"అమ్మా," అంది గోద. నా పేరు చెబుతోంది నా తల్లి అనుకున్నాను. గోద మాట పూర్తి చేసింది. "అమ్మా, వచ్చి పప్పు వెయ్యి, చల్లారిపోతోంది."

దాన్నే పిలిచింది.

"ఎవరే తక్కువ? నువ్వున్నావుగా," అన్నాడు మా ఆయన. ఆ మాట చాలా మెల్లగా అన్నాడు, పెళ్ళయిన కొత్తలో నాతో మాట్లాడినట్టు. "చెప్పేసి రా."

"అందరం ఉన్నాం," అంది.

గోడ "మంచిది" అంది.

నేనున్నా అదే చేసేదాన్ని. ఒకసారి అడ్డం చెప్పి, రెండోసారి ఆయన మెత్తగా అంటే విని, చెప్పేసి వచ్చేదాన్ని. నేను నేర్పినదాంట్లో లోపం వెతుకుదామని ఎంత ప్రయత్నించినా దొరకలేదు.

బయటికొచ్చాక రామతులసమ్మని అడిగాను. "మీకు ముందే తెలుసా?"

"నువ్వు బస్సు దిగినప్పుడే తెలుసమ్మా. లెక్క చెప్పే మనిషే వచ్చేస్తే, అక్కడ లెక్క చెప్పడానికి లేచేదెవరు?"

"మరి నాకెందుకు చెప్పలేదు? అప్పుడే వెనక్కి వెళ్ళిపోయేదాన్ని కదా."

"నాకెవరు చెప్పారు?" అంది ఆవిడ. తిట్టినట్టు కాదు, ఓదార్చినట్టే అంది. భుజం మీద చెయ్యి వేసి వీధిలోకి నడిపించింది. కొత్తవాళ్ళ వీధిలో అన్ని అరుగుల మీదా ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు, అందరూ ఒకప్పుడు తమ ఇళ్ళలో లెక్క చెప్పినవాళ్ళే. నన్ను చూసి అందరూ కాస్త కాస్త జరిగి చోటిచ్చారు. ఈ ఊరు ఇంత మర్యాదగా ఎందుకుంటుందో అప్పుడు తెలిసింది.

10. దుమ్ము లేదు. ఇకమీదట రాయక్కర్లేదు, అలవాటుకొద్దీ రాశాను.

నాకు బస్సు దగ్గర పని ఇచ్చారు. వచ్చేవాళ్ళకి ఎదురెళ్ళి సంచీ అందుకోవాలి.

ఇవాళ ఒకామె దిగింది. సన్నగా, కంగారుగా, చంకలో పచ్చడి జాడీ గుడ్డలో చుట్టుకుని. గవరమ్మట, గనుల వీధి. కాలేజీలో పాత పాటల గురించి చెబుతారని రేడియోలో విని వచ్చిందట. మూడు రోజుల్లో వెళ్ళిపోవాలట, ఇంట్లో చంటిపిల్లాడున్నాడట.

"ఇంట్లో లెక్క ఎవరు చెప్తారమ్మా?" అని అడిగాను.

"నేనేనండి," అంది, వెలిగిపోతున్న మొహంతో. "మావోళ్ళు కంచం ముందు కూచుంటే లేవరండి. బదులుకి కూడా బాగానే నేర్పొచ్చాను, ఇబ్బంది పడతారని."

బస్సు ఇంకా కదల్లేదు. డ్రైవరు టీ తాగుతున్నాడు, గ్లాసులో సగం ఉంది. ఒక్క మాట చెబితే ఎక్కి కూర్చుంటుంది, రేపు సాయంత్రానికి పిల్లాడి దగ్గర ఉంటుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది.

కిటికీ పక్కన నా మంచం ఉంది. దాని పక్క మంచం ఎన్నాళ్ళనుంచో ఖాళీ. రాత్రి నిద్ర పట్టకపోతే నాకు మాట్లాడే మనిషి లేదు. అదీగాక, నాకెవరు చెప్పారు?

డ్రైవరు గ్లాసు కింద పెట్టాడు. నేను ఆమె చేతిలోంచి సంచీ అందుకున్నాను.

"రా తల్లీ," అన్నాను. "చారు వేడిగా ఉంది."